సలాం రాసిన నూట ఇరవై

బందరులో సలాం అనే పేరున్నవాళ్లు వీధికి ఇద్దరుంటారు. అందుకని మా సలాంని అందరూ కౌంట్ సలాం అంటారు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు. యాభై రెండేళ్ల మనిషి. చదువు ఏడో తరగతి. ఆస్తి అంటే రెండు గదుల పెంకుటిల్లు, ఒక పాత మోటార్ సైకిలు, ఒక కుడి చెయ్యి. ఈ గొడవంతా ఆ కుడి చేతి గురించే.

రొయ్యల వ్యాపారంలో ధర కౌంట్ మీద నడుస్తుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. ముప్పై తూగితే ముప్పై కౌంట్. లావు రొయ్య, మంచి ధర. వంద తూగితే వంద కౌంట్. చిన్న రొయ్య, తక్కువ ధర. నూట ఇరవై అయితే ఇంకా చిన్నది, ధర ఇంకా తక్కువ. చెరువు గట్టు మీద ఏ తగాదా వచ్చినా ఈ అంకె దగ్గరే వస్తుంది. రైతు తొంభై అంటాడు, కొనడానికి వచ్చిన ఏజెంటు నూట ఐదు అంటాడు. అప్పుడు సలాం లుంగీ ఎగ్గట్టి, వంగి, వలలోంచి గుప్పెడు రొయ్యలు తీసుకుని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "తొంభై ఏడు" అంటాడు. తరవాత కాటా పెట్టి లెక్కపెడతారు. తొంభై ఆరో తొంభై ఎనిమిదో వస్తుంది. చాలాసార్లు తొంభై ఏడే వస్తుంది.

అందుకే అటు గుడివాడ చుట్టుపక్కల నుంచి ఇటు దివిసీమ చివర దాకా, రైతూ ఏజెంటూ చెరో సగం కూలి ఇచ్చి సలాంని పిలిపించుకునేవాళ్లు. ఆయన రొయ్యలు ఎగుమతి చేసే ఏ కంపెనీకీ మనిషి కాదు, ఏ రైతుకీ చుట్టం కాదు. ఆయన అంకె చెప్పాక కాటా పెట్టడం కూడా దండగని లేచిపోయినవాళ్లు ఉన్నారు. పాతికేళ్లలో ఆయన ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. నోటి మాటే.

ఆ లెక్క ఆయనకి తండ్రి దగ్గర వచ్చింది. తండ్రి మామిడికాయల మండీలో లెక్క పట్టేవాడు. రెండు చేతుల్లో ఐదేసి కాయలు తీసి పక్కన వేస్తూ పాడినట్టు లెక్కపెట్టేవాడట. పాతకాలంలో ధాన్యం కొలిచేవాళ్లూ కాయలు లెక్కపెట్టేవాళ్లూ మొదటి దాన్ని ఒకటి అనేవాళ్లు కాదు, లాభం అనేవాళ్లు. లాభం, రెండు, మూడు, నాలుగు. సలాం ఇప్పటికీ రొయ్యల్ని అలాగే లెక్కపెడతాడు. కుర్ర ఏజెంట్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అంటాడు.

ఇక నా సంగతి. నా పేరు నాగభూషణరావు. గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. గిరాకీ, సరఫరా, సమతౌల్య ధర. బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి ఖండించుకున్న చోట చుక్క పెట్టి, ఇదే ధర అని చెప్పేవాణ్ని. ముప్పై ఒక్క ఏళ్లు ఆ చుక్క పెట్టాను. ఆ చుక్క కింద ఒక మనిషి నలుగుతాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

క్రితం ఏడాది అమెరికా వాడు మన సరుకు మీద సుంకం అమాంతం పెంచాడు. అక్కడెక్కడో ఎవరో సంతకం పెడితే మర్నాటి పొద్దున్నకల్లా ఇక్కడ ముదినేపల్లి రోడ్డు మీద రొయ్య ధర పడిపోయింది. వారం రోజుల్లో వంద కౌంట్ కిలోకి యాభై రూపాయలు తెగ్గోశారు. మేత ధర మాత్రం అంగుళం కదల్లేదు. కరెంటు బిల్లూ తగ్గలేదు. మా అమ్మ ఒక సామెత చెప్పేది, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని. రైతులు వెళ్లి రోడ్డు మీద కూర్చున్నారు.

అప్పుడు ప్రభుత్వం ఒక పట్టిక వేసింది. వంద కౌంట్‌కి కిలో రెండు వందల ఇరవై, నూట ఇరవై కౌంట్‌కి నూట తొంభై, అలా వరసగా. అంతకన్నా తక్కువకి ఎవరు కొన్నా కేసు. దానికి తోడు ప్రతి పట్టుబడికీ, అంటే చెరువులో రొయ్యలు పట్టిన ప్రతిసారీ, మూడు కాపీల చీటీ ఒకటి పెట్టారు. అందులో రైతు సంతకం, కొన్నవాడి సంతకం, కౌంట్ చూసినవాడి సంతకం ఉండాలి. అలా మా సలాం నోటి మాట కాగితం ఎక్కింది.

నాకు ఆ రోజు సంతోషమే వేసింది. దాచుకోవడం ఎందుకు? కోనేరు సెంటర్లో టీ తాగుతూ సలాంకి ఒక చిన్న లెక్చర్ కూడా ఇచ్చాను.

"చూశావా సలాం, సంక్షోభం వచ్చినప్పుడు మార్కెట్‌ని దాని మానాన వదిలేస్తే బలిసినవాడు బక్కవాణ్ని తినేస్తాడు. ప్రభుత్వం మధ్యలోకి రావాల్సిందే. దీన్ని కనీస ధర అంటారు."

"మంచిదే మాస్టారూ," అన్నాడు సలాం. టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "మరి ఆ రేటుకి కొనేదెవరండీ? గవర్నమెంటోళ్లు కొంటారా?"

"కంపెనీల చేత కొనిపిస్తారు."

"ఎట్టాగండీ?"

ఎట్టాగో నాకు తెలీదు. నేను టీ డబ్బులిచ్చి లేచాను.

రేటు కట్టినవాళ్లు ఒక్క కిలో కొనలేదు. కొనాల్సినవాళ్లు లారీలు పంపడం మానేశారు. పది రోజులు ఐసు లారీ అన్నది రోడ్డు మీద కనిపిస్తే ఒట్టు. అడిగితే, అక్కడ మా సరుకు ఎంతకి పోతుందో మాకే తెలియట్లేదు, రెండు వందల ఇరవై పెట్టి కొని ఎక్కడ పోసుకోమంటారు అన్నారు. అందులో కొంత నిజం ఉంది, నేను కాదనను. కానీ నాకు ఒళ్లు మండేది ఇంకో సంగతికి. అంతకుముందు ఏడాది ధరలు పైకి ఎగిరినప్పుడు ఇదే ఏజెంట్లు పొద్దున్నే ఫోన్లలో మాట్లాడుకుని అందరూ ఒకే రేటు చెప్పేవాళ్లు. అప్పుడు మార్కెట్ రేటండీ, మా చేతుల్లో ఏముంది అనేవాళ్లు. మార్కెట్ అంటే నలుగురు ఒక ఫోన్లో మాట్లాడుకోవడమని నా పాఠ్యపుస్తకంలో లేదు.

గోవర్ధనరావు నా పాత విద్యార్థి. ముదినేపల్లి వైపు సొంతం, కౌలు కలిపి మూడు చెరువులు చేస్తాడు. చదువుకునే రోజుల్లో పరీక్షలో నా రెండు గీతల్ని ఎప్పుడూ తిరగేసి గీసేవాడు. ఆగస్టులో ఒక పొద్దున ఫోన్ చేశాడు.

"మాస్టారూ, లారీ దొరికిందండీ. రేపే పట్టుబడి. సలాం బావతో మీరూ రండి, పులుసు తిని వెళ్దురుగాని."

సలాంని అతను బావా అని పిలుస్తాడు. ఇరవై ఏళ్ల నుంచి పిలుస్తున్నాడు.

మర్నాడు మోటార్ సైకిలు మీద గుడివాడ మీదుగా వెళ్లాం. మేం వెళ్లేసరికి చెరువు నీళ్లు సగానికి పైగా తీసేశారు. రొయ్యలు పట్టే ముందు రోజు మేత కట్టేస్తారు, పొట్టలు ఖాళీగా ఉంటే సరుకు నిలవుంటుందని. తెల్లారగట్ల నీళ్లు వదులుతారు. ఈ రెండూ అయ్యాక ఇక వెనక్కి తిరగడం ఉండదు. గోవర్ధనరావు చేసిన పొరపాటు అదే. లారీ వస్తుందన్న మాట విని తూము ఎత్తేశాడు. బేరం నోటితో ఖాయం చేసుకున్నాడు గాని, చీటీ మీద ఏం రాస్తారన్నది అడగలేదు. పది రోజులు లారీ కోసం మొహం వాచినవాడు ఇంకేం అడుగుతాడు?

పైగా ఎల్లుండి అమావాస్య. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల వదిలి మెత్తబడుతుంది. మెత్తబడ్డ సరుకుని ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు పట్టకపోతే పంట పోయినట్టే.

గట్టు మీద ఏజెంటు శ్రీకాంత్ ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెడ్డవాడు కాదు. మమ్మల్ని చూడగానే కుర్చీ తెప్పించాడు. సలాం ఎప్పటిలాగే వంగి గుప్పెడు తీసి ఎగరేసి, "వంద" అన్నాడు. కాటా మీద కిలో పెట్టి, "లాభం, రెండు, మూడు" అంటూ లెక్కపెట్టాడు. సరిగ్గా వంద. నేను చప్పట్లు కొట్టబోయాను. శ్రీకాంత్ చీటీ తీసి సలాం చేతికిచ్చాడు.

"నూట ఇరవై వెయ్యండి సలాం గారూ."

సలాం అర్థం కానట్టు చూశాడు. "వంద వచ్చిందిగా బాబూ. మీరూ చూశారుగా."

"చూశానండి. వందే. మేం మాట్లాడుకుంది నూట తొంభైకి. వంద అని రాస్తే రెండు వందల ఇరవై ఇవ్వాలి. మా ఓనరు ఇవ్వడు. వంద రాసి నూట తొంభై వేస్తే మా మీద కేసు. నూట ఇరవై రాస్తే పట్టిక ప్రకారం నూట తొంభై సరిగ్గా సరిపోతుంది. గోవర్ధనరావు గారికి చెప్పాను. ఆయనకి ఓకే."

సలాం గోవర్ధనరావు వైపు తిరిగాడు. గోవర్ధనరావు చెరువు వైపు చూస్తున్నాడు.

"రాసెయ్ బావా," అన్నాడు. "నాకు ఇష్టమే. నేనే అమ్ముకుంటున్నాను కదా. ఆ పట్టిక పట్టుకుని కూర్చుంటే నా సరుకు ఎవడు కొంటాడు? నూట తొంభై అయినా కళ్లజూస్తాను."

"మీ ఇద్దరికీ ఇష్టమైతే మధ్యలో నేనెందుకండీ?" అన్నాడు సలాం. "మీరే రాసుకోండి."

"మూడు సంతకాలు కావాలండి," అన్నాడు శ్రీకాంత్. "మీ సంతకం లేకపోతే కంపెనీ గేటులో సరుకు దించరు. మీరంటే అందరికీ నమ్మకం, అందుకే మీ పేరు పెట్టాం."

సలాం చీటీ తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. "పాతికేళ్లయింది బాబూ. ఒక్క రొయ్య అటూ ఇటూ చెప్పలేదు. వందని నూట ఇరవై ఎట్టా చేస్తానండీ? ఇరవై రొయ్యలు ఎక్కణ్ణుంచి తెస్తాను?"

పట్టుబడికి వచ్చిన మనుషులు వలలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఎండ ముదిరింది. తగ్గిన నీళ్లలో రొయ్యలు పైకి ఎగిరి పడుతున్నాయి. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొకదారి అని డ్రైవరు అననే అన్నాడు. గోవర్ధనరావు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, మీరు చెప్పండి. మీ మాట వింటాడు. ఇంకో గంటయితే చచ్చి తేలతాయండీ."

నేను చెప్పాను. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"రాసెయ్యవయ్యా సలాం. అమ్మేవాడు ఒప్పుకున్నాడు, కొనేవాడు ఒప్పుకున్నాడు. ఎవరికీ నష్టం లేని అబద్ధం. ఒక అంకె, అంతే కదా."

నెల తిరక్కుండా కనీస ధర మీద లెక్చర్ ఇచ్చిన నోరే అది. నా నోటికి సిగ్గు లేదు.

సలాం నన్ను చూశాడు, చెరువుని చూశాడు. చీటీ మోకాలి మీద పెట్టుకుని నూట ఇరవై వేశాడు. ఆయన సంతకం పెట్టడం నేను మొదటిసారి చూశాను. అక్షరాలు కూడబలుక్కుంటూ, నెమ్మదిగా, పిల్లవాడు పలక మీద దిద్దినట్టు పెట్టాడు. ఆ రోజు కూలి ఎవరి దగ్గరా తీసుకోలేదు. పులుసు కూడా తినలేదు. తిరుగు దారిలో గూడూరు దాటాక, "వందేనండీ మాస్టారూ, మీరు చూశారుగా," అన్నాడు.

"చూశాను," అన్నాను.

అక్కడితో ఆగితే ఈ కథ నేను రాసేవాణ్ని కాదు. గోవర్ధనరావు మంచివాడు. మంచివాళ్లు చేసే అపకారం ఇంకెవరూ చెయ్యలేరు. గట్టెక్కిన సంతోషంలో కనిపించినవాడికల్లా చెప్పాడు. "సలాం బావ దేవుడండీ. అడిగితే కాదనకుండా రాశాడు." వారం తిరిగేసరికి మొవ్వ నుంచి, కైకలూరు నుంచి, బంటుమిల్లి నుంచి ఫోన్లు. అందరిదీ ఒకే మాట. గోవర్ధనరావుకి రాశావు, మేమేం పాపం చేశాం?

ఒకడి పంట కాపాడి ఇంకొకడిది ఎండబెట్టడం ఏం న్యాయం? మొత్తం పదకొండు చెరువుల దగ్గర రాశాడు. పన్నెండో చోట ఇక నావల్ల కాదని లేచి వచ్చేశాడు. అక్కడ వాళ్లు ఇంకెవరి చేతో రాయించుకున్నారు. ఆ ఇంకెవరో ఇప్పుడు బాగా సంపాదిస్తున్నాడని విన్నాను.

చీటీలు చూసిన గవర్నమెంటు ఆఫీసు వాళ్లు తృప్తిపడ్డారు. పట్టిక ధరకి ఒక్క పైసా తక్కువగా ఎవరూ కొనలేదు. కాగితాల్లో అంతా సవ్యంగా ఉంది. ఒక్క వింత ఏమిటంటే, ఆ రెండు నెలల్లో మా వైపు రొయ్యలన్నీ ఉన్నట్టుండి చిక్కిపోయాయి. తొంభై కౌంట్ రొయ్య ఒక్క చెరువులోనూ లేదు. వందా లేదు. అన్నీ నూట ఇరవైలే. ఇంతమంది చదువుకున్నవాళ్లు ఆ చీటీలు చూశారు, ఒక్కడికీ అనుమానం రాలేదు. వచ్చినా అడగలేదేమో. అడిగితే పట్టిక తప్పని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే రైతులు మళ్లీ రోడ్డెక్కుతారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇంతలో కంపెనీలు వేరే దేశాలకి అమ్ముకోవడం మొదలుపెట్టాయి. దసరా వెళ్లాక ధర కాస్త కోలుకుంది. పట్టిక గురించి ఎవరూ మాట్లాడటం మానేశారు. రద్దు చేశామని చెప్పినవాడు కూడా లేడు. చీటీ మాత్రం మిగిలిపోయింది.

నాకు కోపం ఎవరి మీదో తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. స్వేచ్ఛగా వదిలేస్తే ధర అదే సర్దుకుంటుందని పేపర్లో రాసేవాళ్లని తెచ్చి ఆ రోజు ఆ గట్టు మీద నిలబెట్టాలనిపిస్తుంది. ప్రభుత్వం ఒక్క సంతకంతో అన్నీ సరిచేస్తుందనేవాళ్లని కూడా పక్కనే నిలబెట్టాలి. ఇద్దరి కొట్లాటా చివరికి ఏడో తరగతి చదివిన ఒక మనిషి చేతికి పెన్ను ఇచ్చి అబద్ధం రాయమంది. మూడో మనిషిగా నేనూ ఆ గట్టు మీదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

దీపావళి దాటాక సలాంకి పిలుపులు తగ్గాయి. వారానికి ఐదు రోజులు తిరిగేవాడు రెండు రోజులకి వచ్చాడు. ఏజెంట్లు పిలుస్తూనే ఉన్నారు, అదీ విడ్డూరం. పిలవడం మానేసింది రైతులు. ఒక సాయంత్రం ఆయన కోసం వెళ్తే ఇంట్లో లేడు. భార్య సలీమా గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ కూర్చోండి మాస్టారూ అనే మనిషి ఆ రోజు అనలేదు.

"చేపల మార్కెట్టుకి ఈయన వెళ్తే కాటా పెట్టేవాళ్లు కాదండీ," అంది. "చేత్తో పట్టుకుని ముప్పావు కిలో అంటే ముప్పావు కిలో డబ్బులు తీసుకునేవాళ్లు. నిన్న కాటా పెట్టారంట. ఇంటికొచ్చి అన్నం తినలేదు."

నేనేదో అనబోయాను.

"ఆయన ఇంట్లో అడిగితే నేను వద్దనేదాన్ని. మీరూ అక్కడే ఉన్నారంట కదా మాస్టారూ. చదువుకున్నోళ్లు, మీరైనా వద్దనాల్సింది."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

డిసెంబరులో కోడూరు నుంచి ప్రభావతి పిలిచింది. దివిసీమలో ఆరెకరాల కౌలు చెరువు ఒంటరిగా చేసుకొస్తున్న మనిషి. పదేళ్లుగా ఆవిడ చెరువుకి సలామే కౌంట్. ఆయన లెక్కపెడుతుంటే ఆవిడ గట్టు మీదకి కూడా వచ్చేది కాదు. షెడ్డులో టీ కాస్తూ, "ఎంతొచ్చింది అన్నయ్య గారూ?" అని అక్కణ్ణుంచే కేకేసేది. ఆ పిలుపు వచ్చిన రోజు సలాం మొహం చూడాలి. నన్నూ రమ్మన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. రొయ్యల చెరువు దగ్గరికి కొత్త చొక్కా ఏమిటయ్యా అంటే నవ్వాడు.

పులిగడ్డ దాటాక దారంతా హుషారుగా మాట్లాడాడు. ప్రభావతి గారు మేత కొలిచి వేస్తుందండీ, ఆవిడ చెరువులో రొయ్యంతా ఒకే సైజు ఉంటుంది, లెక్కపెట్టడం కూడా ముచ్చటగా ఉంటుంది అన్నాడు.

ఈసారి ఆవిడ గట్టు మీదే ఉంది. పక్కన కొత్త ఎలక్ట్రానిక్ కాటా ఉంది. చేతిలో ఫోన్ ఉంది. లారీ ఏజెంటు కాస్త ఎడంగా నిలబడ్డాడు. సలాం లుంగీ ఎగ్గట్టి, వంగి, గుప్పెడు తీసి ఎగరేశాడు.

"ఎనభై నాలుగు," అన్నాడు గట్టిగా. నా వైపు చూశాడు కూడా.

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకండి," అంది ప్రభావతి. "నా కాటా మీద కిలో పెట్టి, ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టండి. నేను వీడియో తీసుకుంటాను."

సలాం గుప్పెడు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఉండబట్టలేదు.

"అదేమిటమ్మా! పదేళ్ల నుంచి చూస్తున్నావు. ఆ రోజు ఆయన రాసింది రైతు బతకాలని రాశాడు. నేను పక్కనే ఉన్నాను."

"ఆయన్ని నేను తప్పు పట్టట్లేదండీ," అంది ఆవిడ. నిజంగానే బాధపడుతూ అంది. "పదకొండు చెరువులకి నూట ఇరవై రాశారు. ఆ పదకొండూ రైతు అడిగితేనే రాశారో, ఏ ఒక్కటైనా కంపెనీ వాళ్లు అడిగితే రాశారో నాకెట్టా తెలుస్తుందండీ? చీటీ మీద రెండూ ఒకలాగే ఉంటాయి కదా."

ఆవిడది ఆరెకరాల కౌలు, ఒక్కత్తే మనిషి. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అడుగుతాను.

సలాం నేల మీద కూర్చున్నాడు. కాటా మీద కిలో సరిగ్గా పెట్టి, బుట్టలోకి ఒంపుకుని, ఒక రొయ్య తీసి పక్కన పెట్టాడు. "లాభం. రెండు. మూడు."

"ఒకటి అనండి అన్నయ్య గారూ," అంది ప్రభావతి, ఫోన్ కాస్త దించి. "రేపు ఆఫీసులో ఎవరికైనా చూపించాల్సి వస్తే, మొదటిది లెక్కలోకి రాలేదంటారు."

తీసిన మూడూ మళ్లీ బుట్టలో వేశాడు. మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆయన గొంతులో పాట పోయింది. కొత్త చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. యాభై దాటింది, డెబ్బై దాటింది. బుట్టలో చివరి రొయ్య తీసి పైకి పట్టుకుని ఫోన్‌కి చూపించాడు.

"ఎనభై నాలుగు."

చూశావా అమ్మా అని అరవాలని నా గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు ఆవిడ నవ్వుతుంది, క్షమించండి అన్నయ్య గారూ అంటుంది, షెడ్డులోకి వెళ్లి టీ పెడుతుంది అనుకున్నాను. సలాం కూడా అదే అనుకున్నట్టున్నాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోతున్నాడు.

ప్రభావతి ఫోన్‌లో వీడియో వెనక్కి తిప్పి ఒకసారి చూసుకుంది. ఏజెంటు వైపు చూసింది, సలాం వైపు చూసింది. వంగి, రెండో బుట్ట ఆయన ముందుకి జరిపింది.

"ఇంకో కిలో కూడా లెక్కపెట్టండి అన్నయ్య గారూ."

సలాం మళ్లీ కూర్చున్నాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. బుట్టలోంచి ఒక రొయ్య తీసి పక్కన పెట్టాడు.

"ఒకటి," అన్నాడు.